సముద్రానికి సెలవు చీటీ

ఆషాఢం వెళ్ళిపోయిన మర్నాడే హిమబిందు రెండు పెట్టెలు, ఒక ఇడ్లీ పాత్ర, ఒక నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టు పట్టుకుని కాపురానికి వచ్చేసింది. పెళ్ళయిన ఇరవై రోజులకే ఆషాఢం వచ్చిపడటంతో, కొత్త కోడలు అత్తగారి గడప తొక్కకూడదని పెద్దవాళ్ళు ఆమెను పుట్టింటికి తోలేశారు. ఆ నెల్లాళ్ళూ మొగుడూ పెళ్ళాలకు ఫోన్లో "తిన్నావా", "తిన్నాను, మీరు తిన్నారా" అనుకోవడంతోనే సరిపోయింది. ఇప్పుడు మేడ మీద రెండు గదుల వాటా. కిటికీ తీస్తే ఎదురింటివాళ్ళ మునగచెట్టు చేతికందుతుంది. ఇంత అదృష్టం ఇంకెవరికైనా పట్టిందా అని ఆమె రోజుకు మూడుసార్లు అనుకునేది. పాలు పొంగితే సంతోషం, పొంగకముందే స్టవ్ కట్టేయగలిగితే ఇంకా సంతోషం.

ఆమె తూర్పుమొగ ఉన్నత పాఠశాలలో సైన్సు టీచరు. తూర్పుమొగ అంటే పెద్ద కాలవ సముద్రంలో కలిసే చోట ఉన్న చేపలవాళ్ళ ఊరు. భర్త ఫణీంద్ర జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటు. అధికారులు చెప్పిన మెమోలు టైపు చేసి, నంబరు వేసి, బళ్ళకు పంపడం అతని ఉద్యోగం. పొద్దున్నే ఇద్దరూ బస్టాండు దాకా కలిసి నడిచేవారు. అక్కడ అతను పడమటి బస్సు, ఆమె తూర్పు బస్సు ఎక్కేవారు. కిటికీలోంచి చెయ్యి ఊపడానికి సిగ్గుపడి ఇద్దరూ టిఫిన్ డబ్బా ఎత్తి చూపించుకునేవారు.

శ్రావణం మొదటి వారంలో "సముద్ర మట్ట పెరుగుదల విశ్లేషణా సామర్థ్య సాధన పథకం" అమల్లోకి వచ్చింది. తీరం వెంట ఉన్న పదహారు హైస్కూళ్ళ పిల్లలు ప్రతి బుధవారం పదకొండు గంటలకు సముద్ర మట్టం కొలవాలి, ఆ అంకె యాప్‌లో ఎక్కించాలి, గ్రాఫు గీయాలి, విశ్లేషించాలి. హిమబిందు సర్క్యులర్ చదివి పొంగిపోయింది. పుస్తకంలో బొమ్మ చూపించి చెప్పే పాఠం కాదిది. బడి గేటు దాటి వంద అడుగులేస్తే రేవు, రేవులో నీళ్ళు, నీళ్ళలో రంగులేసి పాతిన కొలతకర్ర.

అయితే దీనికోసం విడిగా యాప్ చేయించడం ప్రజాధనం వృథా అని పథకం ప్రత్యేకాధికారి దక్షిణామూర్తిగారు భావించారు. బడిపిల్లల బరువు నమోదు చేసే పాత యాప్ ఒకటి పనీపాటా లేకుండా పడి ఉంది. అందులో "బరువు" అన్నచోట "మట్టం" అని మార్పించి, మిగతాదంతా ఉన్నదున్నట్టు ఉంచేశారు.

"ముందు బిడ్డని నమోదు చెయ్యమంటోందమ్మా," అన్నారు హెడ్మాస్టరు వీరభద్రాచారిగారు, ఫోను దూరంగా పట్టుకుని.

"ఏ బిడ్డనండీ?"

"సముద్రాన్ని."

ఆయన ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఏ గడీ ఖాళీ వదిలిన మనిషి కాదు. పేరు సముద్రం అని రాశారు. తండ్రి పేరు దగ్గర కాసేపు ఆలోచించి సగర చక్రవర్తి అని రాశారు. పురాణం ప్రకారం ఆయన కొడుకులు తవ్విందే కదా, కాబట్టి ఆ ఇంటి పిల్లే అని వివరించారు. వయసు పద్దెనిమిది దాటితే యాప్ ఒప్పుకోవడం లేదు కనుక పద్నాలుగు వేశారు. తరగతి తొమ్మిది. తెల్ల కార్డు ఉందా అని అడిగింది. చక్రవర్తికి తెల్ల కార్డేమిటని లేదని రాశారు. చివర సంరక్షకుడి ఫోన్ నంబరు అడిగింది.

"రేవులో పొద్దస్తమానం ఉండేది కామయ్యే," అని పడవల సంఘం పెద్ద నంబరు ఇచ్చేశారు. కామయ్య మనవరాలు నూకరత్నం తొమ్మిదో తరగతే చదువుతోంది. అలా సముద్రం ఆ అమ్మాయికి క్లాస్‌మేట్ అయింది.

మొదటి బుధవారం కర్ర మీద నూట ముప్ఫై ఎనిమిది సెంటీమీటర్లు వచ్చింది. "బిడ్డ ఆరోగ్యముగా ఉన్నది" అని యాప్ ఆకుపచ్చగా వెలిగింది. రెండో బుధవారం పన్నెండు వచ్చింది. తెర అంతా ఎర్రబడి, "బిడ్డ తీవ్రముగా క్షీణించినది. రోజుకు ఒక గుడ్డు అదనముగా ఇవ్వవలెను" అని చూపించింది.

అరగంటలో కామయ్య లుంగీ సర్దుకుంటూ బడికి వచ్చాడు.

"మేడంగారండీ, నా బిడ్డ చిక్కిపోయిందని మెసేజీ వచ్చిందండి. మా అమ్మాయి చూస్తే డెబ్బై కిలోలుంటాదండి. ఇంకెవరి గురించండి ఇది?"

హెడ్మాస్టరు విషయం చెప్పారు. కామయ్య రేవు వైపు తిరిగాడు.

"ఆ తల్లి నా బిడ్డేటండి. మమ్మల్నందర్నీ సాకిందే ఆవిడైతేను," అన్నాడు. తర్వాత, "సర్లెండి, ఓటీపీ వస్తే చెప్తాను," అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఫణీంద్ర మల్లెపూల పొట్లం ఒక చేత్తో, కవరు ఒక చేత్తో ఇంటికి వచ్చాడు. పూలు ముందు ఇచ్చి, కవరు కాఫీ తర్వాత ఇచ్చాడు.

"ఇదేంటండీ?"

"మెమో. రేపు మీ బడికి వస్తుంది. నేనే టైపు చేశాను. నువ్వు అక్కడ అందరిముందూ చదివి కంగారుపడతావని కాపీ తెచ్చాను."

"శ్రీమతి కె. హిమబిందు, స్కూల్ అసిస్టెంటు, తమ నిర్లక్ష్యము వలన తూర్పుమొగ వద్ద సముద్ర మట్టము నూట ఇరవై ఆరు సెంటీమీటర్ల మేర తగ్గుటకు గల కారణములను మూడు దినములలోగా తెలుపవలెను" అని ఉంది. కింద ఇంకో వాక్యం. త్రైమాసికంలో మూడుసార్లు ఎరుపు నమోదు చేసిన ఉపాధ్యాయులను నలభై రోజుల ఆవాస శిక్షణకు పంపుదురు. శిక్షణా కేంద్రం ఐదు వందల కిలోమీటర్ల అవతల, సముద్రమన్నది కంటికి ఆనని మెట్ట ప్రాంతంలో ఉంది.

హిమబిందు కాఫీ గ్లాసు కింద పెట్టింది. "నలభై రోజులా? ఆషాఢమే ముప్ఫై రోజులండీ."

"ఆషాఢంలో కనీసం ఫోనుంది. అక్కడ ఫోన్లు తీసేసుకుంటారట, ఏకాగ్రత కోసం."

"మీరు టైపు చేసేటప్పుడు నా పేరు చూసి చెయ్యి వణకలేదా?"

"వణికింది. ‘శ్రీమతి’ రెండుసార్లు కొట్టాను," అన్నాడతను. ఆమెకు నవ్వాగలేదు. నవ్వుతూనే సంజాయిషీ రాయడానికి కూర్చుంది.

మర్నాడు క్లాసులో గ్రాఫు బల్ల మీద పరిచి, సముద్రం ఎందుకు తగ్గిందో చెప్పమని పిల్లల్ని అడిగింది. పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మేడంకి ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు నూకరత్నం లేచింది.

"నిన్న నవమి కదండి. అష్టమి నవముల్లో ఈ టైముకి పాటు ఉంటాదండి, నీళ్ళు లోపలికి పోతాయి. సాయంత్రం ఐదింటికి మళ్ళీ పోటొస్తాది. అమాస పున్నాలకైతే పదకొండింటికే నిండుగా ఉంటాదండి. మా తాత వల వేసేది ఇది చూసుకునే."

హిమబిందుకు ఆ క్షణాన ఆ పిల్లను ఎత్తుకోవాలనిపించింది. గోడకున్న తెలుగు క్యాలెండరు దింపించి, గ్రాఫు కింద తేదీలతోపాటు తిథులు రాయించింది. ఆ రోజు నుంచి పిల్లలు వంతులేసుకుని పొద్దున, సాయంత్రం పోటు ఎంతుందో, పాటు ఎంతుందో కొలిచి ఒక చారల నోట్‌బుక్కులో రాయడం మొదలుపెట్టారు. సగటు తీయడం నేర్చుకున్నారు. రోజూ పడిలేచేది పోటూపాటూ అని, అవన్నీ కలిపి ఏళ్ళ తరబడి సగటు చూస్తేనే అసలు పెరుగుదల బయటపడుతుందని, అది ఏడాదికి ఒక పెసరగింజంతేనని ఆమె చెప్పింది.

"పెసరగింజ కోసం ఇంత కష్టమాండి?" అన్నాడు వెనక బెంచీ కుర్రాడొకడు.

"మీ రేవుకి మెట్లెన్ని?"

"పదకొండండి."

"ఎన్ని పెసరగింజలు పేర్చితే ఒక మెట్టవుతుందో లెక్కేసుకురా."

వాడు మర్నాడు నిజంగానే గింజలు పేర్చి చూసి వచ్చాడు. మా మనవడి కాలానికి ఒక మెట్టు పోతుందండి అని చెప్పి, ఆ రోజంతా కొంచెం గంభీరంగా ఉన్నాడు.

తిథులతో సహా సంజాయిషీ వెళ్ళింది. వెంటనే జవాబొచ్చింది. ఫణీంద్రే టైపు చేశాడు.

"తమ సంజాయిషీ సంతృప్తికరముగా లేదు. చంద్రుడు మన శాఖ పరిధిలోనివాడు కాడు. ఇతర శాఖల మీదకు బాధ్యతను నెట్టుట తగదు. యాప్ సూచించిన విధముగా గుడ్డు ఇచ్చినదీ లేనిదీ వెంటనే తెలియజేయవలెను."

హెడ్మాస్టరుగారు గుడ్డు విషయంలో ఒకటే స్పష్టత కోరారు, పచ్చిదా, ఉడికించినదా అని. ఉడికించినదే, పెంకు తీసి, బడి మధ్యాహ్న భోజన నిబంధనల ప్రకారం ఇవ్వాలని జిల్లా కార్యాలయం వారు తెలిపారు. రోజూ పన్నెండున్నరకు ఒక గుడ్డు స్టీలు పళ్ళెంలో రేవుకు వెళ్ళేది. హెడ్మాస్టరుగారే ఒడ్డున నిలబడి నీళ్ళలోకి జారవిడిచేవారు. ఇచ్చినట్టు ఫోటో, తిన్నట్టు ఇంకో ఫోటో ఎక్కించాలి. తిన్నట్టు ఫోటో పెద్ద కష్టం కాలేదు. రేవులో పిత్తపరిగెలకు ఆ టైము నాలుగు రోజుల్లో అలవాటైపోయింది.

ఊళ్ళోవాళ్ళు ఎవరూ ఏమీ అనుకోలేదు. "గంగమ్మ తల్లికి కోడినే ఇస్తాం, గుడ్డెంతండి. గవర్నమెంటుకి ఇన్నాళ్ళకి భక్తి పుట్టింది," అన్నాడు కామయ్య.

మూడో బుధవారం పున్నమి. నూట ముప్ఫై మూడు. యాప్ పచ్చగా మెరిసి "బిడ్డ కోలుకొనుచున్నది" అంది. జిల్లా కార్యాలయంలో దక్షిణామూర్తిగారు మిఠాయి తెప్పించారు. "గుడ్డుకు, సముద్ర మట్టమునకు గల ప్రత్యక్ష సంబంధము తూర్పుమొగలో నిరూపితమైనది" అంటూ మిగతా పదిహేను బళ్ళకూ సర్క్యులర్ వెళ్ళింది. ఆ బళ్ళ మేష్టర్లు హిమబిందుకు ఫోన్లు చేసి, రోజుకొకటి సరిపోయిందా అమ్మా, పచ్చసొన తీసేశారా అని వివరాలు కనుక్కున్నారు.

నాలుగో బుధవారం, కృష్ణాష్టమికి ముందు రోజు, ఏడు సెంటీమీటర్లు వచ్చింది. రెండో ఎరుపు. మోతాదు చాలలేదని తేల్చి రెండు గుడ్లు, ఒక పల్లీ చిక్కీ, ఐరన్ మాత్ర, నులిపురుగుల మాత్ర ఇమ్మన్నారు.

"నులిపురుగుల మాత్ర వయసును బట్టి వెయ్యాలమ్మా," అన్నారు హెడ్మాస్టరుగారు బెంగగా. "మనం పద్నాలుగని రాశాం కదా. నిజం వయసు తెలిస్తే ఎక్కువో తక్కువో అవుతుందేమో."

ఇంట్లో హిమబిందు పెళ్ళి చీరల అడుగున పెట్టెలో స్వెటర్ వెతకడం మొదలుపెట్టింది, మెట్ట ప్రాంతంలో ఆ నెలల్లో చలి ఎలా ఉంటుందో తెలియక. ఫణీంద్ర ఆమె చేతిలోంచి స్వెటర్ లాక్కుని పరుపు కింద దాచేశాడు.

"ఇంకొక్క ఎరుపు కదా. పడకపోవచ్చు."

"పడుతుందండీ. నూకరత్నం గ్రాఫులో అయిదో బుధవారం అమావాస్య, పచ్చ. ఆరో బుధవారం సప్తమి, ఎరుపు. ఆ పిల్ల లెక్క ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు."

"నువ్వే కదా నేర్పావు."

"నేనే నేర్పాను," అంది హిమబిందు. దిగులు పడాలో గర్వపడాలో తేలక రెండూ కలిపి పడింది.

ఒక మార్గం లేకపోలేదు. యాప్‌లో మట్టం గడీ బుధవారం పదకొండు నుంచి పదకొండున్నర వరకే తెరుచుకుంటుంది గానీ, అందులో కొట్టే అంకె కొట్టేవాళ్ళ చేతిలో ఉంది. నూట నలభై అని కొట్టేస్తే అడిగేవాడు లేడు. "అమ్మా, అంకే కదా," అని హెడ్మాస్టరుగారు కూడా ఒకసారి గొణిగారు. కానీ కర్ర పక్కన మోకాళ్ళదాకా లంగా పైకి దోపుకుని నూకరత్నం నిలబడి ఉంటుంది, ఆ పిల్ల చేతిలో చారల నోట్‌బుక్కు ఉంటుంది. హిమబిందు ఆ ఊహను అక్కడే వదిలేసింది.

లెక్క ప్రకారమే అయిదో బుధవారం పచ్చ పడింది. ఆరో బుధవారం దక్షిణామూర్తిగారు స్వయంగా వచ్చారు. చిక్కీ ప్రభావాన్ని కళ్ళారా చూద్దామని పూలదండ, ఫోటోగ్రాఫరుతో సహా కారు దిగారు. మూడో ఎరుపు పడితే ఆయన ప్రగతి పత్రం మీద కూడా మచ్చ పడుతుంది, అదొకటి.

రేవులో కర్ర నిటారుగా ఉంది. దాని చుట్టూ బురద, బురదలో రెండు ఎండ్రకాయలు. పడమటి గాలి తోడై నీళ్ళు కర్రకు జానెడు అవతలకు పోయాయి.

"సముద్రం ఎక్కడ?" అన్నారు దక్షిణామూర్తిగారు.

"వెళ్ళిందండి," అంది నూకరత్నం. "ఐదింటికి వచ్చేస్తాదండి."

"కార్యాలయ పని వేళలలో వెళ్ళుట ఏమిటి? ఎవరి అనుమతితో?"

హిమబిందు గ్రాఫు విప్పి చూపించింది. మొదటి బుధవారం నుంచి ఏ రోజు ఎంతుందో, వచ్చే ఆరు వారాలు ఏ రోజు ఎంతుంటుందో పిల్లలు గీసిన గీత. ఇవాళ్టి తేదీ మీద పెన్సిల్‌తో చిన్న సున్నా, పక్కన "గాలి ఉంటే" అని రాసి ఉంది.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇది ఎప్పుడు గీశారు?"

"పోయిన నెలండి," అంది నూకరత్నం.

"జవాబు ముందే తెలిసినదంటే ప్రశ్నపత్రము లీకైనట్టే కదా. నీకు ఎవరు చెప్పారు?"

"క్యాలెండరండి."

ఆయన క్యాలెండరు అచ్చువేసిన వారి చిరునామా రాసుకున్నారు. అప్పటికి పదకొండూ పది. హిమబిందు ఫోను తీసింది. నలభై రోజులు, మునగచెట్టు కిటికీ, పరుపు కింద స్వెటర్, బస్టాండులో ఎత్తి చూపించే టిఫిన్ డబ్బా, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. కర్ర మీద నీళ్ళెంతున్నాయో అంతే కొట్టింది. సున్నా.

తెర ఎర్రబడలేదు. ఒక గడీ తెరుచుకుంది. "బరువు సున్నా ఉండరాదు. బిడ్డ ఈ రోజు హాజరైనదా?"

ఆమె కర్ర వైపు చూసింది. ఎండ్రకాయలు చూసింది. ఎటునుంచి చూసినా నిజం ఒకటే. కాలేదు అని నొక్కింది.

"గైర్హాజరు నమోదైనది. సంరక్షకుని సెలవు చీటీ జతపరచండి."

దక్షిణామూర్తిగారు ఆమె భుజం మీదుగా తెర చూసి, పూలదండ ఫోటోగ్రాఫరు చేతిలో పెట్టి, రుమాలుతో మొహం తుడుచుకున్నారు. గైర్హాజరైన బిడ్డకు పచ్చా ఉండదు, ఎరుపూ ఉండదు.

"సంరక్షకుడు ఎవరు?"

వల బాగుచేసుకుంటున్న కామయ్యను పిలుచుకొచ్చారు. సంగతి విన్నాడు. మనవరాలి నోట్‌బుక్కులోంచి ఒక కాగితం చింపించి, తను చెప్తుంటే ఆమె చేత రాయించాడు.

"గౌరవనీయులైన హెడ్మాస్టరు గారికి. మా గంగమ్మ తల్లి సప్తమి పాటు వలన ఈ పూట బడికి రాలేకపోయినది. సాయంత్రం తప్పక వచ్చును. దయచేసి క్షమించి సెలవు ఇప్పించ ప్రార్థన." కింద వేలిముద్ర వేసి, "ఆవిడ అబద్ధమాడదండి, ఐదింటికి చూడండి," అన్నాడు.

దక్షిణామూర్తిగారు ఉండి చూశారు. ఐదుకు నాలుగు నిమిషాలు తక్కువగా నీళ్ళు కర్రను నడుముదాకా పట్టుకున్నాయి. "వాక్శుద్ధి గల బిడ్డ," అని ఆయన చీటీ మీద మంజూరు చేసి సంతకం పెట్టారు. క్రితం రెండు ఎరుపు రోజుల్లో వచ్చిన పన్నెండు, ఏడు సెంటీమీటర్లు కూడా గడప దాకా వచ్చి వెళ్ళినట్టే గానీ హాజరు కిందికి రావని అక్కడికక్కడే తీర్మానించారు. అలా హిమబిందు ఎరుపులు రెండూ మాయమయ్యాయి. ఆ సాయంత్రం ఆమె బస్సు దిగేటప్పటికి ఫణీంద్ర స్టాండులో ఉన్నాడు. ఆమె డబ్బా ఎత్తి చూపించింది. డబ్బా ఖాళీదే, అయినా అతనికి అర్థమైంది. ఇంటికి పోయి పరుపు కింది నుంచి స్వెటర్ తీసి మళ్ళీ పెట్టె అడుగున పడేశారు.

విశ్లేషణ మాత్రం ఆగలేదు. ఎరుపులు పోయాక హాజరు శాతం తేల్చవలసి వచ్చింది. ఏడో బుధవారం, పున్నమి ముందు రోజు, ఉత్తర్వు వచ్చింది. పోస్టులో కాదు. పార్టీకి స్వయంగా అందజేసి, అందినట్టు సంతకం తీసుకోవలెనని రాసి ఉండటంతో, జూనియర్ అసిస్టెంటు ఫణీంద్రను ఆన్ డ్యూటీ మీద తూర్పుమొగకు పంపారు. పెళ్ళయ్యాక భార్యాభర్తలిద్దరూ తూర్పు బస్సులో పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. ఆమె దారి పొడుగునా ప్రతి వంతెననూ పేరు పెట్టి అతనికి పరిచయం చేసింది.

రేవులో పిల్లలందరి ముందూ అతను గొంతు సవరించుకుని చదివాడు.

"తూర్పుమొగ ఉన్నత పాఠశాల తొమ్మిదవ తరగతికి చెందిన సముద్రము, తండ్రి సగర చక్రవర్తి, ఆరు బుధవారములకు గాను మూడు బుధవారములు మాత్రమే హాజరైనందున, పై మట్టమునకు ప్రమోషన్ పొందు అర్హతను కోల్పోయినది. కావున సదరు సముద్రము తదుపరి ఉత్తర్వుల వరకు నూట ముప్ఫై ఎనిమిది సెంటీమీటర్ల మట్టములోనే కొనసాగవలెను. అతిక్రమించిన యెడల తీవ్రముగా పరిగణించబడును."

"మూడేళ్ళుగా నేతలు సముద్రానికి అడ్డంగా గోడ కడతామంటున్నారు. ఈ బాబు ఒక్క కాగితంతో ఆపేశాడు," అన్నాడు కామయ్య.

కాగితం ఎవరికివ్వాలన్నది సమస్య అయింది. పార్టీ తీసుకోని పక్షంలో తలుపుకు అతికించవచ్చని నిబంధన ఉందని హెడ్మాస్టరుగారు గుర్తుచేశారు. తలుపు లేదు గనుక కర్రకే, సరిగ్గా నూట ముప్ఫై ఎనిమిది గీత మీద, అన్నం మెతుకులతో అతికించారు. అప్పుడు పదిన్నర. నీళ్ళు కర్ర మెడ దాకా ఉన్నాయి.

ఇద్దరూ మెట్ల మీద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పారు. పులిహోర. హిమబిందు పల్లీలన్నీ అతని వైపు తోస్తూ ఉంటే నీళ్ళు తీరిగ్గా ఉత్తర్వు కింది అంచుకు వచ్చాయి, "తీవ్రముగా పరిగణించబడును" తడిసింది, తర్వాత తండ్రి పేరు తడిసింది. పదకొండింటికి నూకరత్నం నీళ్ళలోంచి కేకేసింది.

"నూట నలభై ఒకటండి."

"అతిక్రమించినట్టేనా?" అన్నాడు ఫణీంద్ర, తను టైపు చేసిన అక్షరాలు సిరా కారుతుంటే చూస్తూ.

"లేదండి, ఇది పెరగడం కాదు, పున్నమి పోటు," అంది నూకరత్నం, నోట్‌బుక్కు తడవకుండా తలమీద పెట్టుకుని గట్టెక్కుతూ. "పెరిగేదేదో ఇందులో ఉంటాదండి. మా చెల్లి తొమ్మిదికి వచ్చేదాకా రాస్తే తెలుస్తాది."

అతను అందినట్టు సంతకం పుచ్చుకోవలసిన కాగితం జేబులోంచి తీశాడు. హిమబిందు దాన్ని తీసుకుని, కింది మెట్టు మీద నీళ్ళు తగిలేలా ఒక్కసారి ఆనించి, తడి మచ్చ పక్కన చక్కటి అక్షరాలతో రాసింది.

"అందినది. సంతకము చేయుట రానందున ఇది పార్టీ వేలిముద్ర."